రెండు నిమిషాలు చెప్పండి, గంటసేపు మాట్లాడండి

శాస్త్ర, సాంకేతిక సదస్సుల్లో పత్ర సమర్పణ గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు, భూగర్భ జలాల పరిశోధన నుంచి రిటైరైన శాస్త్రవేత్త ఇస్తున్న జవాబులు

డిసెంబరు, జనవరి నెలలు మన దగ్గర సదస్సుల కాలం. అందుకే కావచ్చు, ఈసారి ఉత్తరాలన్నీ దాని చుట్టూనే తిరిగాయి. మొదటి ప్రశ్నకు ఎక్కువ చోటు తీసుకుంటున్నాను. సదస్సు పెట్టేవాళ్ళు మారితే మిగతా ప్రశ్నల్లో సగం వాటంతటవే తీరిపోతాయని నా నమ్మకం.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. వచ్చే జనవరిలో మా ఇంజినీరింగ్ కాలేజీలో మూడు రోజుల అంతర్జాతీయ సదస్సు జరుగుతుంది. నేను కన్వీనర్‌ని. 600 పత్రాలు వస్తాయని అంచనా. ఎనిమిది హాళ్ళున్నాయి. ఒక్కో పత్రానికి 15 నిమిషాలు ఇద్దామని కమిటీలో అందరూ అంటున్నారు. పోయినసారి అలాగే చేశాం. హాలులో సెషన్ చైర్, తమ వంతు కోసం ఎదురుచూసేవాళ్ళు తప్ప వినేవాళ్ళే లేరు. దీన్ని మార్చే దారి ఏదైనా ఉందా?
(ఒక ప్రొఫెసర్, హైదరాబాద్)

జవాబు: ఉందండీ. ముందు మీ కమిటీ ముందు ఈ లెక్క పెట్టండి. 600 పత్రాలకు 15 నిమిషాల చొప్పున 150 గంటలు. ఎనిమిది హాళ్ళకు పంచితే ఒక్కో హాలుకు దాదాపు 19 గంటలు. అంటే రోజుకు ఆరు గంటలకు పైనే. టీ, భోజనం, ప్రారంభోత్సవం, ముఖ్య ప్రసంగాలు ఇందులో లేవు. అవి కలిస్తే టైమ్ చాలదు. మొదటి రోజు మధ్యాహ్నానికే గంట ఆలస్యం అవుతుంది. అప్పుడు చైర్‌లో కూర్చున్న పెద్దాయన "అందరూ ఎనిమిది నిమిషాల్లో ముగించండి" అంటారు. పదిహేను నిమిషాలకు తయారై వచ్చిన పిల్లవాడు పరిచయం, పాత పరిశోధనల జాబితా చెప్పేసరికి బెల్ మోగుతుంది. ఫలితాల స్లైడ్లు గబగబా తిప్పేసి "థాంక్యూ" అని దిగిపోతాడు. మూడేళ్ళ పని ఎవరికీ అందకుండానే ఆ రోజు ముగిసిపోతుంది. నాకు బాధ కలిగించేది ఇదే.

వినేవాళ్ళ వైపు నుంచి కూడా చూడండి. ఎనిమిది హాళ్ళలో ఒకేసారి మాట్లాడుతుంటే ఎవరైనా ఒక్కరిదే వినగలరు. తనకు పనికొచ్చే పత్రం పక్క హాలులో ఉందని ప్రోగ్రామ్ పుస్తకంలో శీర్షిక చూసి ఊహించాలి. లేచి అక్కడికి వెళ్ళేలోపు అది అయిపోతుంది. ఇలా రెండుసార్లు జరిగితే ఎవరైనా టీ స్టాల్ దగ్గరే ఉండిపోతారు. వాళ్ళను తప్పుపట్టలేం.

నేను చూసిన వాటిలో బాగా పనిచేసిన పద్ధతి వియన్నాలోది. యూరోపియన్ జియోసైన్సెస్ యూనియన్ అక్కడ ఏటా వసంతంలో పెద్ద సదస్సు జరుపుతుంది. భూమికి సంబంధించిన శాస్త్రాలన్నిటికీ అది జాతర. వేల పత్రాలు వస్తాయి. యూ1 మెట్రోలో కైజర్‌మ్యూలెన్ స్టేషన్‌లో దిగితే, ఐక్యరాజ్యసమితి భవనాల పక్కనే ఆ సదస్సు జరిగే ఆస్ట్రియా సెంటర్ ఉంటుంది. 2013లో అక్కడ పీకో అనే కొత్త పద్ధతి తెచ్చారు. ఒక చిన్న వేదిక, ముందు కుర్చీలు, చుట్టూ టచ్‌స్క్రీన్లు. సెషన్ మొదట్లో రచయితలు వరసగా ఒక్కొక్కరే వచ్చి రెండేసి నిమిషాలు మాట్లాడతారు. ఏం తెలుసుకోవాలనుకున్నాం, ఏం తేలింది, అది ఎవరికి పనికొస్తుంది, అంతే. మధ్యలో ప్రశ్నలు ఉండవు. అందరూ చెప్పడం అయ్యాక ఎవరి స్క్రీన్ దగ్గర వాళ్ళు నిలబడతారు. విన్నవాళ్ళు లేచి, తమకు కావలసిన స్క్రీన్ దగ్గరికి వెళ్ళి, వివరాలు తెరిపించి, తీరిగ్గా మాట్లాడతారు.

అక్కడికి నేను మన రాతినేలల్లో బోర్ల గురించిన పని తీసుకెళ్ళాను. తెలంగాణ గ్రానైట్‌లో నీళ్ళు పైనున్న మొరం పొరలోనూ, దాని కిందనే ఉండే పగుళ్ళలోనూ నిలుస్తాయి. ఇంకా లోతుకు పోయేకొద్దీ పగుళ్ళు తగ్గిపోతాయి. రైతు అప్పుచేసి 800 అడుగులు దింపినా చుక్క పడకపోవడానికి చాలాచోట్ల కారణం ఇదే. ఈ మాట చెప్పడానికి నాకు రెండు నిమిషాలు సరిపోయాయి. ఆ తర్వాత పశ్చిమ ఆఫ్రికా గ్రామాల్లో బోర్లు వేయించే ఇంజినీరు ఒకాయన నా స్క్రీన్ దగ్గరికి వచ్చారు. వాళ్ళవీ గట్టి రాతినేలలే. ఒక బోరు లాగ్ (ఎంత లోతులో ఏ పొర తగిలిందో రాసిన పట్టిక) పెద్దది చేసి చూపించమన్నారు. మొరం పొర ఎక్కడ ముగిసిందని ఎలా నిర్ణయించారు, డ్రిల్లింగ్ వేగం చూశారా, బయటికొచ్చిన రాతిపొడి చూశారా అని అడిగారు. బోరు గుంత పక్కన నిలబడినవాళ్ళే అడగగల ప్రశ్నలు అవి. మైకు పట్టుకుని, వంద మంది ముందు, మూడు నిమిషాల్లో అడిగేవి కావు. మా ఇద్దరి మధ్యా తర్వాత చాలాకాలం ఉత్తరాలు నడిచాయి.

ఇక మీ కాలేజీలో ఇదెలా చేయాలో చూద్దాం. టచ్‌స్క్రీన్లు అద్దెకు తేనక్కర్లేదు. ఖర్చెక్కువ, కరెంటు, వైర్లు అదో టెన్షన్. వాటి బదులు ఫ్లెక్స్ పోస్టర్లు చాలు. ఒక పెద్ద హాలు తీసుకోండి. మధ్యలో కుర్చీలు, ఒకవైపు తెర, గోడల వెంబడి 24 పోస్టర్లు. 24 మంది రెండేసి నిమిషాలు చెబితే 48 నిమిషాలు. తర్వాత దాదాపు గంటసేపు పోస్టర్ల దగ్గర మాటలు. మొత్తం గంటా ముప్పావు. 600 పత్రాలకు ఇలాంటివి 25 సెషన్లు. నాలుగు హాళ్ళలో పెడితే ఒక్కో హాలుకు ఆరో ఏడో వస్తాయి. అంటే హాలుకు 12 గంటలు, రోజుకు నాలుగు గంటలే. మీ ఎనిమిది హాళ్ళలో నాలుగు ఖాళీ అయ్యాయి, రోజులో సగం మిగిలింది. ఆ మిగిలిన టైములో ముప్పై నలభై మంచి పత్రాలను ఎంచి ఒక్కోదానికి అరగంట ఇవ్వండి. ఒక అంశం మీద పనిచేసేవాళ్ళు కలిసి కూర్చుని వాదించుకునే సెషన్లు పెట్టండి.

అమలులో జాగ్రత్త పడాల్సినవి కొన్ని ఉన్నాయి. రెండు నిమిషాల స్లైడ్లు ముందురోజు రాత్రికే తెప్పించి, అన్నీ ఒకే ఫైలుగా కలిపి ఒకే ల్యాప్‌టాప్‌లో పెట్టండి. పెన్‌డ్రైవ్‌లు మార్చడం మొదలైతే పద్ధతి మొత్తం కూలిపోతుంది. రెండు నిమిషాలు కాగానే తదుపరి స్లైడు దానంతటదే రావాలి. చైర్‌లో ఎంత మొహమాటస్తులున్నా అప్పుడు ఇబ్బంది ఉండదు. పోస్టరుకూ పోస్టరుకూ మధ్య కనీసం ఆరడుగులు వదలండి, లేకపోతే పక్కవాళ్ళ వీపులే కనిపిస్తాయి. దయచేసి పోస్టర్లను భోజనాల వేళ వరండాలో పెట్టకండి. మన దగ్గర చాలాచోట్ల అదే చేస్తారు. ఆకలితో ఉన్నవాళ్ళు బఫే లైనుకు పోతారు, పిల్లలు పోస్టర్ల పక్కన ఒంటరిగా నిలబడతారు. పోస్టర్ల వేళలో ఇంకే కార్యక్రమమూ ఉండకూడదు. మీ ప్రిన్సిపాల్ గారు, ముఖ్య వక్తలు కూడా ఆ హాలులోనే తిరగాలి.

మీ కమిటీలో ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది: "ఓరల్ ప్రెజెంటేషన్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పత్రాలు రావు." ఇందులో నిజముంది. 2016 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చేముందు సదస్సుల్లో రెండు పత్రాలు సమర్పించి ఉండాలి. 2022 నిబంధనల్లో ఆ షరతు తీసేశారు, కానీ ఆ సర్టిఫికెట్ మీద మమకారం పోలేదు. పరిష్కారం మీ చేతిలోనే ఉంది. రెండు నిమిషాలు వేదిక మీద చెప్పి, పోస్టర్ దగ్గర గంటసేపు జవాబులు ఇచ్చినవాళ్ళు పత్రం సమర్పించినట్టే. సర్టిఫికెట్ మీద "పత్రం సమర్పించారు" అని రాయండి, ఓరల్, పోస్టర్ అన్న తేడా చూపకండి. ఈ ఒక్క వాక్యం కోసం మీరు కమిటీలో గట్టిగా నిలబడాలి.

"రెండు, ఐదు నిమిషాల్లో సైన్సు ఏం చెప్తారు?" అని ఎవరైనా అంటే 1987 మార్చి 18 రాత్రి సంగతి చెప్పండి. న్యూయార్క్ హిల్టన్ హోటల్‌లో అమెరికన్ ఫిజికల్ సొసైటీ సమావేశం. సూపర్‌కండక్టర్లంటే కరెంటును ఏ నిరోధమూ లేకుండా పోనిచ్చే పదార్థాలు. అంతకు ముందు ఊహించనంత ఎక్కువ ఉష్ణోగ్రతల్లో పనిచేసేవి అప్పుడే బయటపడ్డాయి. వాటి మీద అప్పటికప్పుడు ఏర్పాటు చేసిన సెషన్‌లో 51 మంది మాట్లాడారు. ఎక్కువమందికి ఐదేసి నిమిషాలే ఇచ్చారు. సాయంత్రం ఏడున్నరకు మొదలైంది తెల్లవారుజామున మూడు దాటాక ముగిసింది. హాలు నిండి బయట కూడా జనం నిలబడ్డారు. భౌతికశాస్త్రవేత్తలు ఇప్పటికీ ఆ రాత్రిని పండుగలా తలుచుకుంటారు.

పొడుగు ప్రసంగాలకు నేను వ్యతిరేకిని కాను. 2010 ఆగస్టులో మన హైదరాబాద్ హెచ్‌ఐసీసీలో అంతర్జాతీయ గణితశాస్త్ర కాంగ్రెస్ జరిగింది. అక్కడ అందరూ కలిసి వినే ప్లీనరీ ప్రసంగాలు గంటసేపు, విభాగాల ఆహ్వాన ప్రసంగాలు 45 నిమిషాలు. ఒక ఆలోచనను మొదటినుంచీ కట్టుకుంటూ రావడానికి ఆ మాత్రం టైమ్ కావాలి. కానీ ఆ వక్తలు ముందుగా ఎంపికైనవాళ్ళు. మిగతావాళ్ళకు చిన్న ప్రసంగాలు, పోస్టర్లు. కొందరికి చాలా ఎక్కువ, అందరికీ కొంచెం. అందరికీ సమానంగా 15 ఇస్తే పెద్ద ఆలోచనకు చాలదు, చిన్న ఫలితానికి ఎక్కువైపోతుంది.

ప్రశ్న: మేడమ్, నేను పీహెచ్‌డీ మూడో సంవత్సరం. ఒక పెద్ద అంతర్జాతీయ సదస్సుకు నా పత్రం అంగీకరించారు, కానీ పోస్టర్‌గా. ల్యాబ్‌లో అందరూ "అయ్యో, ఓరల్ రాలేదా" అంటున్నారు. మా గైడ్ గారు కూడా నిరుత్సాహపడ్డారు. వెళ్ళాలా వద్దా?
(ఒక పరిశోధక విద్యార్థిని, వరంగల్)

జవాబు: తప్పకుండా వెళ్ళమ్మా. 2017 డిసెంబరులో అమెరికాలోని లాంగ్ బీచ్‌లో నిప్స్ అనే కృత్రిమ మేధ (ఏఐ) సదస్సు జరిగింది. ఇప్పుడు దాన్నే న్యూరిప్స్ అంటున్నారు. కంప్యూటర్‌కు భాష నేర్పే ట్రాన్స్‌ఫార్మర్ అనే పద్ధతిని పరిచయం చేసిన పత్రాన్ని అక్కడ సాయంత్రం పోస్టర్ సెషన్‌లో పెట్టారు. ఈరోజు నువ్వు ఫోన్‌లో వాడే చాట్‌జీపీటీ పేరులో చివరి అక్షరం ఆ ట్రాన్స్‌ఫార్మరే. రాత్రి పదిన్నరకు సెషన్ ముగిసినా ఆ పోస్టర్ దగ్గర జనం కదల్లేదు, సెక్యూరిటీ వాళ్ళు వచ్చి పంపించాల్సి వచ్చింది. మీ ల్యాబ్‌లో వాళ్ళకు ఈ సంగతి చెప్పు.

పోస్టర్ అంటే రెండో రకం అన్న భావన మన దగ్గరే ఎక్కువ. ఈ పద్ధతి 1960ల చివర్లో యూరప్ జీవరసాయన శాస్త్రవేత్తల సమావేశాల్లో మొదలై, 1970లలో అమెరికాకు వెళ్ళింది. పత్రాలు పెరిగి హాళ్ళు చాలకపోవడమే కారణం. చోటు చాలక వచ్చిన ఏర్పాటే, తర్వాత శాస్త్రవేత్తలు ఎదురెదురుగా మాట్లాడుకునే మంచి అవకాశం అయింది. మాటలు, ధ్వని సంకేతాల మీద కంప్యూటర్‌తో పనిచేసేవాళ్ళ పెద్ద సదస్సులు, 2018లో ఇంటర్‌స్పీచ్, 2025 ఏప్రిల్‌లో ఐకాస్ప్, హైదరాబాద్‌కు వచ్చినప్పుడు కూడా చాలా పత్రాలు పోస్టర్లుగానే వచ్చాయి.

ఇక పోస్టర్ ఎలా చేయాలంటావా, పత్రాన్ని కత్తిరించి ఫ్లెక్స్ మీద అతికించకు. 2019లో అమెరికాలో మైక్ మారిసన్ అనే సైకాలజీ పరిశోధక విద్యార్థి ఒక కార్టూన్ వీడియోలో కొత్త నమూనా చూపించాడు. పోస్టర్ మధ్యలో, దూరంనుంచి కనిపించేంత పెద్ద అక్షరాల్లో, మామూలు మాటల్లో నీకు తేలిన విషయం ఒక్కటే ఉండాలి. ఒక పక్క సన్నని పట్టీలో వివరాలు, ఇంకో పక్క బొమ్మలు, పట్టికలు, పూర్తి పత్రానికి క్యూఆర్ కోడ్. ప్రపంచమంతా ఈ నమూనా పాకిపోయింది. ఇందులో పెద్ద వాక్యం ఆలోచన నాకు చాలా నచ్చుతుంది. కానీ మధ్యభాగం మొత్తం అక్షరాలకే ఇచ్చేయడం అన్ని సబ్జెక్టులకూ కుదరదు. మా రంగంలో మ్యాపు లేకుండా మాట మొదలుకాదు. అందుకని పైన ఒక వాక్యం, దాని కింద ఆ వాక్యాన్ని రుజువు చేసే ఒకే ఒక్క పెద్ద బొమ్మ పెట్టమంటాను.

పోస్టర్ ముందు నిలబడి ఎవరైనా రాగానే మొదటినుంచీ అప్పజెప్పకు. "మీరు ఏం పనిచేస్తున్నారు?" అని ముందు నువ్వే అడుగు. వాళ్ళ జవాబును బట్టి ఎక్కడ మొదలుపెట్టాలో నీకే తెలుస్తుంది. హనుమకొండలో ఫ్లెక్స్ వేయించే ముందు సదస్సువాళ్ళు చెప్పిన కొలత, అడ్డమా నిలువా అన్నది మరోసారి చూసుకో. విమానంలో తీసుకెళ్ళాలంటే గుడ్డ మీద ప్రింట్ చేయించుకోవడం మేలు, మడిచి బ్యాగులో పెట్టుకోవచ్చు.

ప్రశ్న: నమస్తే. నేను ఐటీ కంపెనీలో టెక్ లీడ్‌ని. ఒక పెద్ద డెవలపర్ సదస్సులో మాట్లాడబోతున్నాను. స్లైడ్లలో అంతా వివరంగా రాయమని మా మేనేజర్ అంటున్నారు, "రానివాళ్ళు కూడా తర్వాత చదువుకోవాలి కదా" అని. అలా రాస్తే ఎవరూ వినరని నా భయం. ఏం చేయాలి?
(ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గచ్చిబౌలి)

జవాబు: మీ భయం సరైనదే. మీ మేనేజర్ గారి కోరికా న్యాయమే. ఒకే ఫైలు రెండు పనులూ చేయలేదు కాబట్టి రెండు ఫైళ్ళు చేయండి. చదువుకునేవాళ్ళకు పూర్తి వాక్యాలతో నాలుగైదు పేజీల నోట్, సదస్సుకు ముందే లింకుగా పెట్టండి. మాట్లాడేటప్పుడు బొమ్మలున్న స్లైడ్లు.

స్లైడు గురించి ఒక విషయం కొంచెం వివరంగా చెప్పాలి. 2003 జనవరిలో కొలంబియా అంతరిక్ష నౌక కక్ష్యలో ఉండగా, పైకి వెళ్ళేటప్పుడు దాని రెక్కకు తగిలిన ఫోమ్ ముక్క వల్ల ఎంత నష్టం జరిగి ఉంటుందని ఇంజినీర్లు లెక్కలు వేసి స్లైడ్లలో చూపించారు. ఒక స్లైడు శీర్షిక ధైర్యం చెప్పేలా ఉంది. అదే స్లైడు అడుగున, చిన్న అక్షరాల్లో, అసలు సంగతి ఉంది. పాత పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, నౌకకు తగిలిందని అంచనా వేసిన ముక్క 1,920 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు. పరీక్షల ఫలితాలు ఈ సందర్భానికి వర్తిస్తాయో లేదో చెప్పలేమని అర్థం. ఆ మాట శీర్షికలో లేదు. ఫిబ్రవరి 1న నౌక తిరిగి వస్తూ ముక్కలైపోయింది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు చనిపోయారు. ప్రమాదానికి కారణం స్లైడు కాదు. కానీ విచారణ సంఘం అదే ఏడు ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఆ స్లైడును అచ్చువేసి, సాంకేతిక నివేదికల స్థానంలో పవర్‌పాయింట్ స్లైడ్లతో సరిపెట్టడాన్ని విమర్శించింది.

అందుకే ప్రతి స్లైడుకూ శీర్షికగా ఆ స్లైడులో తేలిన విషయాన్ని పూర్తి వాక్యంగా రాయండి. పెన్ స్టేట్ యూనివర్సిటీలో ఇంజినీర్లకు రాయడం, మాట్లాడడం నేర్పే మైకేల్ ఆలీ ఎన్నో ఏళ్ళుగా చెప్తున్నది ఇదే. పైన ఒక వాక్యం, కింద దానికి రుజువైన బొమ్మో గ్రాఫో, బుల్లెట్ పాయింట్లు వద్దు. "డేటాబేస్ పనితీరు" అనే శీర్షిక ఏమీ చెప్పదు. "ఇండెక్స్ మార్చాక రాత్రి రిపోర్టు నలభై నిమిషాల నుంచి మూడు నిమిషాలకు తగ్గింది" అంటే అంతా చెప్పినట్టే. పైగా అలా వాక్యం రాయాల్సి వచ్చినప్పుడే, ఆ స్లైడుతో ఏం చెప్పాలో మనకే స్పష్టంగా లేదని చాలాసార్లు బయటపడుతుంది. గ్రాఫుల్లో ఎరుపు, ఆకుపచ్చ తేడా మీదే ఆధారపడకండి, ఆ రెండూ వేరుగా కనిపించనివాళ్ళు ప్రతి హాలులోనూ ఉంటారు.

ప్రశ్న: అమ్మా, సదస్సుల్లో ప్రశ్నల టైములో ఎప్పుడూ అదే నలుగురు పెద్దలు లేస్తారు. ప్రశ్న పేరుతో తమ పని గురించి ఐదు నిమిషాలు చెప్తారు. నాకు అడగాలని ఉంటుంది, చేయి ఎత్తేలోపు టైమ్ అయిపోతుంది. అమ్మాయిలం ఎవరమూ అడగము. మాలోనే లోపమా?
(ఎమ్మెస్సీ విద్యార్థిని, తిరుపతి)

జవాబు: మీలో లోపమేమీ లేదు తల్లీ. ఏర్పాటులోనే ఉంది. దీని మీద 2018లో ప్లాస్ వన్ అనే పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. పది దేశాల్లో 35 సంస్థల్లో జరిగిన దాదాపు 250 సెమినార్లను గమనించారు. ఆడవాళ్ళు తక్కువగా అడుగుతున్నారని తేలింది. మొదటి ప్రశ్న మగవాళ్ళు అడిగిన సెమినార్లలో ఆ తేడా ఇంకా పెరిగింది. ఎక్కువ ప్రశ్నలకు టైమ్ ఇచ్చినచోట తగ్గింది.

అంటే చైర్ చేతిలో చాలా ఉంది. నేను చైర్‌లో కూర్చున్నప్పుడు మొదటి ప్రశ్న విద్యార్థులకే అని ముందే ప్రకటించేదాన్ని. ప్రసంగం అవగానే ఒక నిమిషం ఎవరినీ మాట్లాడనివ్వకుండా, పక్కవాళ్ళతో మీ ప్రశ్న చెప్పుకోండి అనేదాన్ని. ఆ ఒక్క నిమిషంలో చాలామందికి ధైర్యం వస్తుంది, ప్రశ్న కూడా పదునవుతుంది. పెద్ద హాలులో ఫోన్ ద్వారా ప్రశ్నలు రాసి పంపే యాప్‌లు ఇప్పుడు మామూలైపోయాయి. అవి లేకపోతే చీటీలు చాలు. పెద్దవాళ్ళు ప్రసంగం మొదలుపెడితే "సార్, మీ ప్రశ్న ఒక్క వాక్యంలో చెప్పండి" అని చైర్ గౌరవంగానే అనవచ్చు. అనాలి కూడా.

నీ వంతుగా ఒక పని చెయ్యి. ప్రసంగం సగంలో ఉండగానే ప్రశ్నను కాగితం మీద పూర్తి వాక్యంగా రాసుకో. ముగిసీ ముగియగానే చేయి ఎత్తు. అవకాశం రాకపోతే టీ విరామంలో వక్త దగ్గరికి వెళ్ళి ఆ కాగితం చూసే అడుగు. ఏ వక్తా విసుక్కోరు. తమ మాట ఎవరో శ్రద్ధగా విన్నారన్న సంతోషమే ఉంటుంది.

ప్రశ్న: మా సదస్సులో జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, శాలువాలు, మెమెంటోలు, అతిథుల ఉపన్యాసాలతో మొదటి రోజు ఉదయం మొత్తం పోతోంది. పద్ధతి కాబట్టి మానేయలేం. ఏం చేయమంటారు?
(ఒక లెక్చరర్, విశాఖపట్నం)

జవాబు: మానేయకండి. అతిథిని గౌరవించుకోవడం మనకు సంతోషం. వేళ మార్చండి. ఉదయం దీపం వెలిగించి, పది నిమిషాల్లో స్వాగతం ముగించి, వెంటనే రోజంతటిలోకీ మంచి ప్రసంగం పెట్టండి. దూరం నుంచి వచ్చినవాళ్ళు అప్పుడే తాజాగా ఉంటారు. సన్మానాలన్నీ సాయంత్రం భోజనాల ముందు, సాంస్కృతిక కార్యక్రమంతో కలిపి చేయండి. ముఖ్య అతిథి సాయంత్రం ఉండలేనంటే ఆయనకు ఒక్కరికే ఉదయం శాలువా కప్పండి. ఆయన ఆలస్యంగా వస్తే కార్యక్రమం ఆగదని ఆహ్వానం ఇచ్చేటప్పుడే మర్యాదగా చెప్పండి.

ప్రశ్న: నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. పని బాగా తెలుసు, కానీ ఇంగ్లీషులో ప్రెజెంట్ చేయాలంటే గొంతు ఆరిపోతుంది. వచ్చే నెలలో నా మొదటి సదస్సు. సలహా ఇవ్వండి.
(ఒక పరిశోధక విద్యార్థి, కరీంనగర్)

జవాబు: నాదీ తెలుగు మీడియమే. వియన్నా లాంటి చోట మాట్లాడేవాళ్ళలో చాలామందికి ఇంగ్లీషు సొంత భాష కాదు. ఇటలీవాళ్ళు, చైనావాళ్ళు, బ్రెజిల్‌వాళ్ళు తమ యాసలోనే చెప్తారు, అందరూ వింటారు. వినేవాళ్ళకు కావలసింది మీకు తేలిన విషయం.

మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం కంఠతా పట్టండి. మధ్యలో చెప్పాల్సింది బొమ్మలు చూసి చెప్పండి. మీ పనిని ముందు మీ అమ్మకో తమ్ముడికో తెలుగులో రెండు నిమిషాల్లో చెప్పి చూడండి. తెలుగులో స్పష్టంగా వచ్చాక అదే వరసలో చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు రాసుకోండి. పలకడానికి కష్టమైన పదం ఉంటే ఇంకో పదం వెతుక్కోండి. పవర్‌పాయింట్‌లో మాట్లాడుతుండగానే కింద అక్షరాలు వచ్చే సౌకర్యం ఉంది. ఇంట్లో అది ఆన్ చేసి మాట్లాడండి. ఏ పదం తప్పుగా వస్తుందో చూసి, ఆ పదాన్ని కాస్త నిదానంగా పలకడం అభ్యాసం చేయండి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమని అడగడంలో నామోషీ ఏమీ లేదు, పెద్ద పెద్దవాళ్ళు కూడా అడుగుతారు.

మీ రెండు నిమిషాల మాటలు రాసి పత్రిక చిరునామాకు పంపండి. వచ్చే నెల సంచిక దాకా ఆగకుండా, దిద్ది మీకు నేరుగా పంపిస్తాను.